దీపాన్ని దాచిన మందార



క్రిస్మస్ దగ్గరపడుతున్నదంటే మన పల్లెల్లో ఇళ్ళకు సున్నాలు పడతాయి. గోడలు తెల్లబడతాయి, తలుపులకు రంగులు పడతాయి, గుమ్మానికి నక్షత్రం వ్రేలాడుతుంది. కాని ఆ గోడకూ ఆ తలుపుకూ ముందున్న పొదను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నవారైనా, సున్నం వేసేవానికి అడ్డం వస్తుందని కత్తితో నాలుగు వేట్లు వేసి ఊరుకుంటారు. ఈ నెల ఆ పొదను గురించే మాట్లాడుకుందాము. ఇదెంత చిన్న సంగతి అని మీరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము.

2021 డిసెంబరులో ఒక రాత్రి మా సంఘ యౌవనస్థులతో కలిసి ఇంటింటికి క్రిస్మస్ పాటలు పాడుతూ వెళ్ళాము. వీధి చివర ఒక మామ్మగారి ఇల్లు ఉన్నది. ఆమె భర్త చనిపోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కుమారుడు, హైదరాబాదులో ఉద్యోగం. ఆ ఇంటి మెట్లకు ఇరుప్రక్కలా రెండు ముద్దమందార చెట్లు, కిటికీ క్రింద నందివర్ధనం, గేటు మీద కాగితపు పూల తీగ. అన్నీ ఏపుగా పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వెనుక ఇల్లున్నదని కూడా తెలియకుండా చేశాయి.

గేటు దగ్గర నిలబడి పాడాము. డోలక్ వాయించే అబ్బాయి చొక్కా ముళ్ళకు పట్టుకొని చిరిగింది. లోపల వెలుగు కనబడలేదు, తలుపు తెరుచుకోలేదు. మామ్మగారు కొడుకు దగ్గరకు వెళ్ళి ఉంటారనుకొని వెనుదిరిగాము. అప్పుడు పొదల వెనుకనుండి సన్నని స్వరం ఒకటి, మేము ఆపిన పాటకు తరువాతి చరణం అందుకున్నది.

కొమ్మలు తప్పించుకుంటూ లోపలికి వెళ్ళాము. కిటికీలో దీపం వెలుగుతూనే ఉన్నది. మామ్మగారు మంచం మీద ఉన్నారు, కాలికి పిండికట్టు. ఎండ తగలక మెట్లమీద నాచు పట్టింది. పదిహేను రోజుల క్రితం తెల్లవారుజామున ఆమె ఆ మెట్లమీద జారిపడ్డారట. ప్రక్కింటివారు ఆసుపత్రికి తీసుకుపోయి, తెచ్చి, అన్నం పెడుతున్నారు. ఆ పదిహేను రోజులూ మేము ఆ ఇంటి ముందునుండి బండి మీద వెళ్తూనే ఉన్నాము. ఆదివారం గుడిలో కనబడకపోతే ఊరు వెళ్ళారనుకున్నాము.

“దీపం రోజూ కిటికీలోనే పెడుతున్నాను అయ్యగారూ, ఎవరైనా చూసి పలకరిస్తారని” అన్నారు ఆమె.

మాకు నోట మాట రాలేదు. ఆ తప్పును చెట్టు మీద వేయము. గొర్రె కనబడకపోతే వెదకవలసినవాడు కాపరి. అయినా ఆ రాత్రి ఒక సంగతి మాకు తెలిసింది. ముంగిట పొద ఎలా ఉన్నదన్నది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

రెండు రోజులకు కుమారుడు వచ్చాడు. విషయం తల్లి అతనికి ఫోనులో కూడా చెప్పలేదు. ఆమెను ఆ స్థితిలో చూసి కడుపు మండి, ఇద్దరు కూలీలను గొడ్డళ్ళతో పిలిపించాడు. అన్నిటినీ మొదలంటా కొట్టించి, ముంగిలంతా సిమెంటు చేయిస్తానన్నాడు. మామ్మగారు మంచం మీదనుండే, “ఆ మందార మీ నాన్న నాటింది. స్లాబు వేసిన ఏడు తన చేత్తో పెట్టాడు. ముందు నన్ను నరికి తరువాత దాన్ని నరుకు” అన్నారు. “నీకు చెట్టు కావాలా, నేను కావాలా?” అన్నాడు అతను. మాటకు మాట పెరిగింది. మాకు కబురు వచ్చింది.

ఆ గొడ్డలి ఏమి చేస్తుందో మాకు అనుభవముతో తెలుసు. మా మొదటి సంఘములో పాస్టరు నివాసము ముందు ఒక పెద్ద మందార ఉండేది. మాకంటే ముందు అక్కడ పరిచర్య చేసిన పాస్టరమ్మగారు నాటి పెంచినది. మేము మే నెల నడిఎండల్లో, ఒక్క పూటలో దానిని మోకాలెత్తు మోడు చేశాము. నీళ్ళు కూడా సరిగా పోయలేదు. అంతవరకు నీడలో ఉన్న బెరడు ఎండకు పగిలింది. వచ్చిన రెండు చిగుళ్ళూ మాడిపోయి చెట్టు చచ్చిపోయింది. మరుసటి ఏడు ఆ అమ్మగారు చూడవచ్చి, ఆ మోడు ముందు కొంచెంసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ఆ కుమారుని ప్రక్కకు తీసుకెళ్ళి, “బాబూ, మాకు మూడు సంవత్సరాలు గడువు ఇవ్వు” అని అడిగాము. లూకా సువార్త 13వ అధ్యాయములో ఫలించని అంజూరపు చెట్టును నరికివేయమని యజమానుడు అన్నప్పుడు, తోటమాలి ఒక్క సంవత్సరం గడువు అడిగాడు. చుట్టూ త్రవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. మేము మూడు అడిగాము. దానితోపాటు ఒక షరతు పెట్టాము. ప్రతి ఫిబ్రవరిలోను అతడే వచ్చి, తన చేతులతోనే కోయాలి.

మూడేళ్ళు ఎందుకు, ఫిబ్రవరి ఎందుకు అన్నది మీకు కూడా పనికివస్తుంది గనుక వివరముగా వ్రాస్తున్నాము.

పొద ఎందుకు గొడుగవుతుంది

కొమ్మ కొనలో ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి క్రిందికి పంపుతుంది. అది వస్తున్నంతకాలం క్రింది కణుపుల దగ్గర ఉన్న కన్నులు నిద్రలో ఉంటాయి. కొన తీసివేస్తే అవి మేల్కొని, ఒక కొమ్మ ఉన్నచోట రెండు మూడు కొమ్మలు వస్తాయి. ఇది తెలియక మనము ఏటేటా పైపైన గొరుగుతూ పోతాము. పైన ఆకు చిక్కబడి గొడుగులా మూసుకొంటుంది. లోపలికి వెలుతురు పోదు. లోపలి ఆకులు రాలి కట్టెలే మిగులుతాయి. ఇంటికీ వెలుతురు ఉండదు, చెట్టుకూ ఉండదు. కాబట్టి పొదను పైన గొరగడం కంటే లోపల పలుచన చేయడం ముఖ్యము.

ఏమి కోయాలి, ఎంత కోయాలి

మూడు రకాల కొమ్మలను ఏ కాలములోనైనా తీసివేయవచ్చు. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకొని బెరడు లేచిపోయినవి. ఇవి తీస్తేనే సగం పొదలు గాలి పీల్చుకుంటాయి.

తరువాత ముసలి కొమ్మలు. లావుగా, గరుకు బెరడుతో, చివర మాత్రమే ఆకులు పెట్టుకొని ఉంటాయి. వీటిలో మూడవ వంతు మాత్రమే మొదటి ఏడు నేలకు జానెడు ఎత్తులో కోయాలి. మిగిలిన రెండు వంతుల ఆకు చెట్టుకు అన్నం వండిపెడుతుంది. రెండవ ఏడు మిగిలిన ముసలి కొమ్మలలో సగం, మూడవ ఏడు చివరివి. ఈలోగా మొదట కోసినచోట పిలకలు వచ్చి ఎదుగుతాయి. మూడేళ్ళు తిరిగేసరికి అదే వేరు మీద కొత్త చెట్టు నిలబడుతుంది.

చిన్న కొమ్మలకు కత్తెర చాలు. వేలు లావు దాటితే చేతిరంపము వాడండి. కత్తితో నరికితే కొమ్మ చీలుతుంది, చీలికలో నీరు నిలిచి కుళ్ళుతుంది. కన్నుకు పావు అంగుళం పైన, నీరు జారిపోయేటట్లు ఏటవాలుగా కోయాలి. ఇంటివైపు తిరిగిన కన్ను మీద కాక, బయటికి తిరిగిన కన్ను మీద కోయాలి. ఏ కన్ను మీద కోస్తే కొత్త కొమ్మ ఆ వైపుకే పోతుంది. ఒక చెట్టునుండి మరొక చెట్టుకు వెళ్ళేటప్పుడు కత్తెర అంచును స్పిరిటుతో తుడవండి.

లావు కొమ్మలు కోసినచోట బోర్డో పేస్టు పూయడం మంచిది. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అరలీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నాన్ని మరొక అరలీటరు నీటిలోను వేరువేరుగా కలిపి, తరువాత రెండింటినీ ఒకటి చేయాలి. ప్లాస్టిక్ పాత్రలే వాడాలి, ఇనుప పాత్ర పనికిరాదు. పిల్లలకు అందనివ్వవద్దు.

కొలతలు ఇలా గుర్తుపెట్టుకోండి. పొదకూ గోడకూ మధ్య మూరెడు ఖాళీ, పొద ఎత్తు కిటికీ గడపకు దిగువ, నడిచే దారి మూడు నాలుగు అడుగులు. వరుసగా పెంచిన గోరింట కంచె అయితే క్రింద వెడల్పుగా, పైన కొంచెం సన్నగా ఉండాలి. అప్పుడే క్రింది ఆకుకు కూడా ఎండ తగులుతుంది.

ప్రతి మొక్కకు దాని కాలము

ప్రతిదానికి సమయము కలదని ప్రసంగి మూడవ అధ్యాయములో చదువుతాము. మన పండుగ తొందర మొక్కకు తెలియదు.

మందారను చలి తగ్గిన తరువాత, ఎండలు ముదరకముందు, అంటే ఫిబ్రవరిలో గట్టిగా కోయవచ్చు. కాగితపు పూల తీగను ఒక విడత పూలు రాలిన తరువాత కోస్తే కొత్త కొమ్మ మీద మళ్ళీ పూస్తుంది. నూరువరహాలకు పూత అయిన తరువాత కొనలు మాత్రమే తుంచితే చాలు. గులాబీలను వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలలలో కోస్తే ఆరేడు వారాలకు పూస్తాయి. నవంబరు మొదటి రోజుల్లో కోసినవారికి క్రిస్మస్ ఆరాధనకు మందిరములో పెట్టుకొనే పూలు దొరుకుతాయి.

డిసెంబరు పూలను మాత్రము పండుగ ముందు ముట్టుకోవద్దు. వాటి పూత కాలమే అది. పూలయిపోయిన తరువాత కోయండి. మల్లెకు పద్ధతి వేరు. మైలవరం ప్రాంతపు మల్లె రైతులను చూడండి. చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు పోగొట్టి, మోకాలెత్తుకు కోసి, ఆ తరువాత ఎరువు వేసి నీరు పెడతారు. చూచేవారికి తోట పాడైపోయినట్లుంటుంది. వేసవి వచ్చేసరికి ఆ మోళ్ళ మీదనే మల్లెలు విరగబూస్తాయి.

జాగ్రత్తలు

పొదలోకి చెయ్యి పెట్టకముందు కర్రతో తట్టండి. పాములు, కందిరీగలు ఉంటాయి. కాళ్ళకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను మీరు ముట్టుకోవద్దు, లైనుమానుకు చెప్పండి. గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలో ఆకు, కొమ్మ, పాలు, గింజ అన్నీ విషమే. కోసిన కొమ్మలను మేకలకు వేయవద్దు, పొయ్యిలో పెట్టవద్దు, పుల్లను నోట పెట్టనివ్వవద్దు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

గూటిలో గుడ్లు గాని పిల్లలు గాని ఉంటే ఆ కొమ్మను నాలుగు వారాలు వదిలేయండి. పక్షి గూటి విషయములో కూడా దయ చూపమని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు నియమము ఇచ్చాడు.

కోసిన తరువాత చెట్టును మరచిపోకూడదు. పాదు చేసి, మాగిన పశువుల ఎరువు వేసి, చిగురు ముదిరేవరకు నీరు పెట్టాలి. మా మొదటి మందార విషయంలో మేము చేయనిది ఇదే.

మూడు ఫిబ్రవరులు

మామ్మగారి ఇంటి దగ్గర ఆ డిసెంబరులో ఎండుకొమ్మలను, మెట్ల మీదికీ కిటికీ మీదికీ వంగినవాటిని మాత్రమే తీశాము. నాచు గోకి, మెట్లు కడిగి, సున్నం చల్లాము. కాగితపు పూల తీగను వెనక్కు లాగి కట్టాము. మనిషికి అపాయమైనది ఆ రోజే తీయాలి. చూపుకు అడ్డమైనది కాలము చూసి తీయాలి.

2022 ఫిబ్రవరిలో కుమారుడు వచ్చాడు. మామ్మగారు చేతికర్రతో అరుగు మీద కూర్చున్నారు. అతను రంపము తీసుకొని, “అమ్మా, ఇది తియ్యమంటావా?” అని ఒక్కొక్క కొమ్మ చూపించి అడిగాడు. మొదటి కొమ్మకు ఆమె తల త్రిప్పుకున్నారు. నాలుగవ కొమ్మకు, “అది కాదు, దాని ప్రక్కది తియ్యి” అన్నారు. మేము నవ్వు ఆపుకోలేకపోయాము. మార్చిలో మొదళ్ళ దగ్గర ఎర్రని చిగుళ్ళు వచ్చాయని ఆమెయే కొడుక్కి ఫోను చేసి చెప్పారు.

2023 ఫిబ్రవరిలో కోడలు కూడా వచ్చింది. కోసిన కొమ్మలలో పెన్సిలంత లావువి ఆరు ఏరి, జానెడు ముక్కలు చేసి, క్రింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నీడన పెట్టి తడి ఆరకుండా చూసుకొమ్మని చెప్పాము. కడియం నర్సరీలలో మందారను పెంచేది ఇలా కొమ్మలతోనే. ఆరింటిలో రెండు బ్రతికాయి. ఆ తాతగారి మందార ఇప్పుడు హైదరాబాదులో మూడవ అంతస్తు వసారాలో, కుండీలో పూస్తున్నది.

2024 ఫిబ్రవరిలో చివరి ముసలి కొమ్మలు కూడా పోయాయి. నిలువున్నర ఎత్తున్న పొద నడుమెత్తుకు వచ్చింది. వేరు మాత్రం ఆయన పెట్టినదే.

ప్రియులారా, యోహాను సువార్త 15వ అధ్యాయములో తండ్రి వ్యవసాయకుడని, ఫలించే తీగెను కూడా ఆయన కత్తిరిస్తాడని ప్రభువు చెప్పాడు. అక్కడ కత్తిరించుటకు వాడిన గ్రీకు మాటకూ, ఆ తరువాతి వచనములో శిష్యులు పవిత్రులైయున్నారని చెప్పిన మాటకూ మూలము ఒక్కటే. ఆయన కోత కోపముతో వేసే వేటు కాదు, శుద్ధి చేసే పని. కోసేవానికి చెట్టు తెలుసు, కాలము తెలుసు, ఎంత కోయాలో తెలుసు. నష్టములోనో రోగములోనో ఉన్న మన సహోదరులతో, దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడని తొందరపడి చెప్పకుందాము. రంపము పట్టుకొన్నవాడు ఆయన, మనము కాదు. మనకు అప్పగింపబడినది చుట్టూ త్రవ్వి ఎరువు వేసే పని.

ఇంకొక మాట. దీపము వెలిగించి ఎవరూ కుంచము క్రింద పెట్టరని మత్తయి సువార్త 5వ అధ్యాయములో చదువుతాము. మామ్మగారు కూడా పెట్టలేదు. తన దీపాన్ని కనబడే చోటనే పెట్టారు. కుంచము బయట పెరిగింది. పెరిగినది కలుపు మొక్క కూడా కాదు, ప్రేమతో నాటిన చెట్టు. మన ఇళ్ళల్లోనూ కొన్ని అలాగే పెరుగుతాయి. పోయినవారి మీద బెంగ, పిల్లల మీద పట్టు, పని మీద ఆశ. నాటినప్పుడు అన్నీ మంచివే. కోయకుండా వదిలితే ఒకనాటికి తలుపు మూస్తాయి. అలాగని మొదలంటా నరికితే మనిషే ఎండిపోతాడు. కొంచెం కొంచెంగా, ప్రేమగలవారి చేత, కాలము చూసి కోయాలి.

2024 క్రిస్మస్‌కు మళ్ళీ ఆ వీధికి పాటలు పాడుతూ వెళ్ళాము. వీధి మొదటినుండే కిటికీలో దీపం కనబడింది. మామ్మగారు అరుగు మీద కుర్చీలో కూర్చొని ఉన్నారు, ప్రక్కన కొడుకూ కోడలూ నిలబడ్డారు. మేము గేటు చేరకముందే ఆమె పాట మొదలుపెట్టారు.

ఈ వారము ఒక సాయంకాలము, చీకటిపడిన తరువాత, మీ ఇంట్లో దీపము వెలిగించి వీధిలోకి వచ్చి నిలబడండి. మీ ఇంటి వెలుగు దారిన పోయేవారికి కనబడుతున్నదా? కనబడకపోతే ఆ కొమ్మ ఏదో గుర్తుపెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మీ వీధిలో వెలుగు కనబడని ఇల్లు ఇంకేదైనా ఉంటే, ఆ తలుపు కూడా ఒకసారి తట్టండి.

ప్రభువు మీ ఇంటిని, వాకిలిని దీవించునుగాక. ఆమేన్.